హెడ్ బోల్టులు: ఆయిల్ రాసి బిగించాలా, పొడిగానా? టార్క్ అంకె ఒక్కటి చూస్తే సరిపోతుందా?

కొత్తరెంచ్:
అందరికీ నమస్కారం. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ పూర్తిగా విప్పి మళ్లీ కడుతున్నాను. ఇనుప బ్లాక్, అల్యూమినియం హెడ్. క్రాంక్, పిస్టన్లు కూర్చున్నాయి, ఇప్పుడు హెడ్ దగ్గర ఆగాను. మాన్యువల్‌లో హెడ్ బోల్టులకు ముందు 40 న్యూటన్ మీటర్లు, తర్వాత 90 డిగ్రీలు, ఆ పైన ఇంకో 90 డిగ్రీలు అని ఉంది. థ్రెడ్‌కి, బోల్టు తల కింద పల్చగా ఇంజిన్ ఆయిల్ రాయమన్నాడు. నాకు బాగా తెలిసిన ఒక మెకానిక్ మాత్రం "ఆయిల్ రాస్తే బోల్టు వదులైపోతుంది. డిగ్రీలు గిగ్రీలు ఏమీ వద్దు, పొడిగా, టార్క్ రెంచ్‌ని 90 న్యూటన్ మీటర్లకు పెట్టి టక్కుమనేదాకా బిగించు, అంతే" అంటున్నారు. ఆయన అనుభవాన్ని తీసిపారెయ్యలేను, మాన్యువల్‌ని కాదనలేను. రెండు పద్ధతులకూ ఫలితం ఒకటేనా? బోల్టులు కొత్తవే కొన్నాను. ఎందుకు అలా చెయ్యాలో అర్థమైతే టెన్షన్ లేకుండా బిగిస్తాను.

లేత్_రాఘవ:
మాన్యువల్ చెప్పినట్టే చెయ్యండి. రెండూ ఒకటి కావు.

మనకు కావలసింది టార్క్, అంటే తిప్పే బలం, కాదండీ, హెడ్‌ని బ్లాక్‌కి అదిమి ఉంచే పట్టు. ఆ పట్టు బోల్టు సాగడం వల్ల వస్తుంది. బోల్టు ఒక గట్టి స్ప్రింగ్ అనుకోండి. బిగిస్తున్నకొద్దీ కొంచెం కొంచెంగా సాగుతుంది, వెనక్కి లాక్కోవాలని చూస్తుంది, ఆ లాగుడే హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే గాస్కెట్‌ని నొక్కి పెడుతుంది. ఎంత సాగిందో కంటికి కనపడదు కాబట్టి, తిప్పడానికి ఎంత బలం పట్టిందో కొలిచి దాన్నిబట్టి అంచనా వేస్తున్నాం. టార్క్ రెంచ్ చేసే పని ఇంతే.

చిక్కంతా ఆ అంచనాలోనే ఉంది. మనం పెట్టే టార్క్‌లో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం దాకా థ్రెడ్‌లో రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీయడానికి మిగిలేది పది శాతం చిల్లర. ఇప్పుడు ఆయిల్ వల్ల రాపిడి వాటా తొంభై నుంచి ఎనభై అయిదుకి తగ్గిందనుకోండి. చూడ్డానికి అయిదే, కానీ సాగదీసే వాటా పది నుంచి పదిహేనుకి పెరిగింది. రెంచ్ అదే అంకె దగ్గర టక్కుమంటుంది, బోల్టు మీద లాగుడు మాత్రం ఒకటిన్నర రెట్లు అయింది. పొడి బోల్టుకి రాసిన అంకెని ఆయిల్ రాసిన బోల్టుకి వాడినా, ఆయిల్ బోల్టు అంకెని పొడి దానికి వాడినా, ఫలితం వేరే వస్తుందనేది ఇందుకే.

డీజిల్_బాబాయ్:
రాఘవా, నువ్వు చెప్పింది నిజమే, నేను కాదనను. కానీ ఆ మెకానిక్ గారు చెప్పిన దానికీ ఒక మూలం ఉంది. పాత ఇంజిన్లలో చాలావాటికి హెడ్ బోల్టులు మామూలు రకం. డిగ్రీల పద్ధతే ఉండేది కాదు. ఒకే అంకె ఇచ్చేవాళ్లు, రెండు మూడు విడతల్లో అక్కడికి చేర్చేవాళ్లం. గాస్కెట్లు కూడా మెత్తని రకం, ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక కొంచెం అణిగిపోయేవి. అందుకే మళ్లీ టార్క్ చూసుకోమనేవారు. "బోల్టు వదులైపోతుంది" అన్న భయం అక్కడి నుంచి వచ్చింది. వదులైంది గాస్కెట్ అణగడం వల్ల, నింద పడింది ఆయిల్ మీద.

బాబూ కొత్తరెంచ్, నీ బోల్టులు ఆ రకం కావు. కాబట్టి ఆ పాత మాట నీ ఇంజిన్‌కి పనికిరాదు. అదే నేను రేపు పాత డీజిల్ హెడ్ ఎక్కిస్తే మాత్రం దాని మాన్యువల్ ప్రకారం ఒకే అంకెకే బిగిస్తాను.

మెట్రిక్_మాధవి:
రాఘవ గారి మాటకి లెక్క జతచేస్తాను. వాడుకలో ఉన్న సూత్రం: టార్క్ = రాపిడి గుణకం × బోల్టు వ్యాసం × లాగుడు. పొడి ఉక్కు బోల్టుకి ఈ గుణకం దాదాపు 0.2 తీసుకుంటారు, ఆయిల్ రాస్తే 0.15 దగ్గరికి వస్తుంది.

10 మిల్లీమీటర్ల బోల్టుకి 50 న్యూటన్ మీటర్లు పెట్టారనుకోండి.
పొడిగా అయితే 50 ÷ (0.2 × 0.01) = 25,000 న్యూటన్లు, అంటే రెండున్నర టన్నుల లాగుడు.
ఆయిల్‌తో అయితే 50 ÷ (0.15 × 0.01) = 33,300 న్యూటన్లు, మూడు టన్నుల నాలుగు వందల కిలోల దాకా.

తల మీద 8.8 అని (అది బోల్టు బలం తరగతి) ఉండే ఎం10 బోల్టు (1.5 పిచ్, అంటే ఒక చుట్టుకి 1.5 మిల్లీమీటర్లు దిగేది) తట్టుకుని మళ్లీ పూర్తిగా మొదటి పొడవుకి రాగల గరిష్ఠ బరువు సుమారు 33,700 న్యూటన్లు. చూశారా, అదే అంకె, అదే రెంచ్. పొడిగా ఉంటే ఇంకా బోలెడు ఖాళీ ఉంది, ఆయిల్‌తో హద్దు అంచున నిలబడింది. ఆయిల్ కన్నా జారుడైన మోలీ గ్రీజు లాంటిది రాస్తే గుణకం ఇంకా పడిపోయి హద్దు దాటిపోతుంది.

ఈ 0.2, 0.15 కూడా సగటు అంకెలే సుమా. బోల్టు పూత, తుప్పు, వాషర్ ఉపరితలం, అన్నీ దీన్ని మార్చేస్తాయి. కంపెనీ వాళ్లు ఫలానా బోల్టు, ఫలానా పూత, ఫలానా ఆయిల్ అని పరీక్షించి ఇచ్చిన అంకెని మనం సూత్రం వేసి మార్చడానికి కూర్చోకూడదు. ఇక్కడ లెక్క చూపించింది తేడా ఎంత పెద్దదో తెలియడానికి మాత్రమే.

పాతబండి_ప్రేమి:
మాధవి గారూ, ఈ లెక్క చూశాక ఒక్కటి అర్థమైంది. థ్రెడ్‌లాక్ (బోల్టు వదులవకుండా థ్రెడ్‌కి పూసే జిగురు) కూడా తడిగా ఉన్నప్పుడు ఆయిల్ లాగే జారుతుంది కదా? ఫ్లైవీల్ బోల్టులకి థ్రెడ్‌లాక్ పెట్టమని ఉంటే, ఆ పక్కనున్న అంకె దాన్ని లెక్కలోకి తీసుకుని ఇచ్చిందేనా?

మెట్రిక్_మాధవి:
మాన్యువల్ థ్రెడ్‌లాక్ పెట్టమని చెప్పి అంకె ఇస్తే, అది దానితో కలిపి ఇచ్చిన అంకే. వాళ్లు చెప్పకుండా మనంతట మనం పూస్తేనే గొడవ. స్పార్క్ ప్లగ్ దగ్గర ఇది ఎక్కువ చూస్తుంటాం. ప్లగ్ థ్రెడ్‌కి కంపెనీయే పూత వేసి పంపుతుంది, దాని మీద మళ్లీ యాంటీ సీజ్ (థ్రెడ్ పట్టేయకుండా రాసే పేస్ట్) పూసి పూర్తి టార్క్ పెడితే ప్లగ్ మెడ దగ్గర సాగిపోతుంది.

లేత్_రాఘవ:
ఇక 90 డిగ్రీల సంగతి.

రాపిడి నమ్మదగింది కాదని తెలిశాక దాన్నుంచి తప్పించుకునే దారే ఈ డిగ్రీల పద్ధతి. 40 న్యూటన్ మీటర్లు అన్నీ సమంగా ఆనించడానికి. ఆ తర్వాత అంకె చూడడం లేదు, తిప్పుడు కొలుస్తున్నాం. థ్రెడ్ పిచ్ 1.5 మిల్లీమీటర్లు అయితే పావు చుట్టుకి బోల్టు 0.375 మిల్లీమీటర్లు ముందుకు దిగాలి. అందులో కొంత గాస్కెట్ నలగడానికి, హెడ్ నొక్కుకోవడానికి పోతుంది, మిగతాదంతా బోల్టు సాగుడే. ఆయిల్ కొంచెం ఎక్కువైనా తక్కువైనా పిచ్ మారదు కదా.

8.8 కన్నా గట్టిదైన 10.9 రకం బోల్టులో సాగే భాగం 100 మిల్లీమీటర్లు ఉంటే, దాదాపు 0.44 మిల్లీమీటర్లు సాగేసరికి అది తిరిగి రాని హద్దుకి చేరుతుంది. రెండు 90లు కలిపితే 0.75 మిల్లీమీటర్లు. అంటే చివరి విడతలో బోల్టుని కావాలనే ఆ హద్దు దాటిస్తున్నారు. హద్దు దాటాక ఇంకొంచెం తిప్పినా లాగుడు పెద్దగా పెరగదు, అందుకే అన్ని బోల్టుల్లోనూ దాదాపు ఒకే పట్టు వస్తుంది. ఈ బోల్టులు మళ్లీ వాడొద్దనడానికి కారణం కూడా ఇదే, ఒకసారి అవి శాశ్వతంగా పొడవైపోయాయి. కొన్ని కంపెనీలు పొడవు కొలిచి, ఫలానా హద్దులోపల ఉంటే మళ్లీ వాడొచ్చంటాయి. ఆ మాట మీ మాన్యువల్‌లో ఉంటేనే ఆ దారి.

కాబట్టి పొడిగా 90 న్యూటన్ మీటర్లు అనేది దీనికి సమానం కాదు. ఒక బోల్టు చాలినంత బిగుస్తుంది, పక్కది బిగవదు. ఏది ఏదో మనకు తెలీదు.

కొత్తరెంచ్:
ఇప్పుడు తేలికగా ఉంది. అందరికీ ధన్యవాదాలు. ఇంకో అనుమానం. నా క్లిక్ రెంచ్ సరైన అంకె దగ్గరే టక్కుమంటోందని ఎలా నమ్మాలి? 90 డిగ్రీలు కొలవడానికి డయల్ లేదు, ఫర్వాలేదా?

స్పానర్_శీను:
డిగ్రీలకి డయల్ అక్కర్లేదన్నా. 40 అయిపోయాక ప్రతి బోల్టు తల మీద తెల్ల పెయింట్‌తో ఒకే వైపుకి, అంటే ఇంజిన్ ముందు వైపుకి, గీత పెట్టు. మొదటి 90 అయ్యాక అన్ని గీతలూ పక్కకి చూడాలి, రెండో 90 అయ్యాక వెనక్కి చూడాలి. ఏదైనా మర్చిపోతే ఒక్క చూపులో తెలిసిపోతుంది. డయల్ ఉన్నా నేను గీతలు పెట్టకుండా చెయ్యను.

మెట్రిక్_మాధవి:
రెంచ్ పరీక్ష ఇంట్లోనే ఉజ్జాయింపుగా చేసుకోవచ్చు. చదరపు ముక్కుని వైస్‌లో గట్టిగా పట్టించండి, పిడి నేలకి సమాంతరంగా ఉండాలి. ముక్కు మధ్య నుంచి సరిగ్గా అర మీటరు దూరంలో తాడుతో 10 కిలోలు వేలాడదీస్తే 49 న్యూటన్ మీటర్లు అవుతుంది. రెంచ్‌ని 45కి పెడితే టక్కుమనాలి, 55కి పెడితే అనకూడదు. బరువు మెల్లగా వదలండి, జారవిడిస్తే తప్పుగా చూపిస్తుంది. రెంచ్ సొంత బరువు కూడా కొంచెం కలుస్తుందని గుర్తుంచుకోండి. అర మీటరు పొడవు లేకపోతే దూరం తగ్గించి బరువు పెంచుకోండి.

ఐఎస్ఓ 6789 ప్రమాణం ప్రకారం 10 న్యూటన్ మీటర్లు దాటిన క్లిక్ రెంచ్‌కి ప్లస్ మైనస్ 4 శాతం తేడా ఒప్పుకుంటారు. తయారీదారు వేరే గడువు చెప్పకపోతే 5,000 సార్లు వాడాక, లేదా ఏడాదికోసారి సరిచూపించాలంటారు.

డీజిల్_బాబాయ్:
రెంచ్ వాడకం మీద కూడా నాలుగు మాటలు చెప్పనివ్వండి. దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, నాకు అదే బాధ.

పిడి మధ్యలోనే పట్టుకోవాలి. ఒకే ఊపుతో నిదానంగా లాగాలి, టక్కుమనగానే ఆగిపోవాలి. "ఇంకోసారి చూద్దాం" అని రెండు మూడు టక్కులు వేస్తే ప్రతిసారీ బోల్టు కొంచెం జరుగుతుంది. దారి మధ్యలో ఆగిన బోల్టు అక్కడే పట్టేస్తుంది, మళ్లీ కదిలించడానికి ఎక్కువ బలం కావాలి. అందుకని అది కదలకముందే రెంచ్ టక్కుమని మోసం చేస్తుంది. అలా అయితే ఆ బోల్టుని కొంచెం వదులు చేసి మళ్లీ ఒకే లాగుడులో తీసుకురా. పాత బోల్టులు విప్పడానికి టార్క్ రెంచ్ ఎప్పుడూ వాడకు. పని అయ్యాక స్కేలు మీదున్న కనిష్ఠ అంకెకి తిప్పి పెట్టు, అంతకన్నా కిందకి వద్దు.

స్పానర్_శీను:
బాబాయ్, ఒక్కటి కలుపుతా. రెంచ్ ముక్కుకి ముందుకు పొడవొచ్చే అడాప్టర్, అదే కాకి కాలు స్పానర్ తగిలిస్తే అంకె మారుతుంది. రెంచ్ పొడవు 400 మిల్లీమీటర్లు, అడాప్టర్ 50 మిల్లీమీటర్లు అయితే, 45 కావాలంటే 45 × 400 ÷ 450 = 40కి పెట్టాలి. అదే అడాప్టర్‌ని రెంచ్‌కి అడ్డంగా, 90 డిగ్రీల్లో తగిలిస్తే మార్చక్కర్లేదు. సాకెట్‌కి పెట్టే నిలువు ఎక్స్‌టెన్షన్ రాడ్‌తో కూడా అంకె మారదు.

లేత్_రాఘవ:
హెడ్ ఎక్కించే ముందు రెండు పనులు. ఇవి నేను ఎన్నిసార్లయినా చెప్తాను.

బ్లాక్‌లో బోల్టు రంధ్రాలు చాలావరకు అడుగు మూసుకుపోయినవి. అందులో నీళ్లో ఆయిలో ఉంటే బోల్టు దిగేటప్పుడు అది తప్పించుకునే దారి ఉండదు. ద్రవం నలగదు. బోల్టు కొస పిస్టన్‌లా దాన్ని నొక్కితే ఆ ఒత్తిడికి బ్లాక్ పగిలిన సందర్భాలున్నాయి. పగలకపోయినా, రెంచ్ టక్కుమంటుంది, హెడ్ మీద పట్టు మాత్రం ఉండదు. ఆయిల్ బోల్టుకి పల్చగా రాయాలి, రంధ్రంలో పొయ్యకూడదు. రంధ్రాల్ని గాలితో ఊదండి, కళ్లద్దాలు పెట్టుకుని. థ్రెడ్ శుభ్రం చేయడానికి కొత్త థ్రెడ్ కోసే ట్యాప్ వాడకండి, అది లోహాన్ని తీసేస్తుంది. దాని కోసమే ఉండే చేజర్ వాడండి.

రెండోది, రెంచ్ ముట్టుకోకముందే అన్ని బోల్టులూ చేత్తో తల ఆనేదాకా దిగాలి. దిగకపోతే అక్కడే ఆగండి.

వరస సంగతి మీకు తెలిసే ఉంటుంది. మధ్య బోల్టుల నుంచి మొదలుపెట్టి బయటికి పోవాలి, విప్పేటప్పుడు బయటి నుంచి లోపలికి. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అదే పాటించండి. హెడ్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, వేడి హెడ్ మీద బిగిస్తే చల్లారాక పట్టు తగ్గుతుంది.

కొత్తరెంచ్:
రాఘవ గారూ, మీరు చెప్పినట్టు చేత్తో దింపి చూస్తుంటే ఒకటి పట్టుబడింది. ఎగ్జాస్ట్ వైపు చివరి బోల్టు మిగతావాటిలా దిగలేదు. తల కింద నాలుగు మిల్లీమీటర్ల దాకా ఖాళీ ఉండగానే బిగుసుకుపోతోంది. రంధ్రాలన్నీ నిన్ననే ఊది తుడిచాను. బోల్టులన్నీ పక్కపక్కన పెట్టి చూశాను, పొడవు ఒకటే. ఇంకా రెంచ్ ముట్టుకోలేదు. గాస్కెట్ మీద హెడ్ ఊరికే కూర్చుంది.

స్పానర్_శీను:
అన్నా, బోల్టు బయటికి తీసి కొస చూడు. తడిగా ఉందా?

కొత్తరెంచ్:
తడిగానే ఉంది. ఆకుపచ్చగా, కూలెంట్.

లేత్_రాఘవ:
దొరికింది. బ్లాక్‌ని స్టాండ్ మీద తిప్పినప్పుడో, హెడ్ పెట్టేటప్పుడో నీటి గదుల్లో మిగిలిన కూలెంట్ ఆ రంధ్రంలోకి జారి ఉంటుంది. శుభ్రం చేశాక కూడా ఇలా జరుగుతుంది, అందుకే చేత్తో దింపి చూడమనేది. బోల్టులన్నీ తీసేయండి, హెడ్ ఎత్తండి. ఇంకా నొక్కలేదు కాబట్టి గాస్కెట్‌కి ఏమీ కాదు, గీతలు పడకుండా చూసుకోండి చాలు. సిరంజికి సన్న గొట్టం తొడిగి రంధ్రం అడుగు నుంచి పీల్చండి, తర్వాత ఊదండి, తర్వాత పొడి గుడ్డ చుట్టిన పుల్లతో అడుగు తాకి చూడండి. మిగతా రంధ్రాలు కూడా. బ్లాక్ నీటి గదుల్లో ఇంకా ఏమైనా ఉంటే ముందు అది తీసేయండి, లేకపోతే మళ్లీ అదే రంధ్రంలోకి వస్తుంది.

డీజిల్_బాబాయ్:
శభాష్ బాబూ. రెంచ్‌తో లాగి ఉంటే ఆ 40 దగ్గర అది చక్కగా టక్కుమనేది, నీకు అనుమానమే వచ్చేది కాదు. ఆ తర్వాత 180 డిగ్రీలు తిప్పితే బ్లాక్ గతి ఏమయ్యేదో.

పాతబండి_ప్రేమి:
ఇదంతా హెడ్ గురించే కదా, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టులకీ ఇంతే పట్టింపు కావాలా? అవి చిన్నవి, గాస్కెట్ కూడా లేదు.

లేత్_రాఘవ:
ఇంకా ఎక్కువ కావాలి. హెడ్ బోల్టు వదులైతే లీక్ అవుతుంది, కూలెంట్ తగ్గుతుంది, హెచ్చరిక వస్తుంది. రాడ్ బోల్టు తెగితే హెచ్చరిక ఉండదు, రాడ్ బ్లాక్ గోడలోంచి బయటికొస్తుంది.

పిస్టన్ పైకి పోయి ఆగి వెనక్కి తిరిగే ప్రతిసారీ రాడ్ క్యాప్‌ని విడదీయాలని లాగుతుంది. బోల్టు ముందే అంతకన్నా ఎక్కువ బలంతో బిగించి ఉంటే ఆ లాగుడులో కొద్ది భాగమే బోల్టుకి తెలుస్తుంది. వదులుగా ఉంటే ప్రతి చుట్టుకీ బోల్టు సాగుతూ ముడుచుకుంటూ అలసిపోయి తెగుతుంది. తక్కువ బిగించడం మంచిదనుకునే వాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. రేసింగ్ ఇంజిన్లు కట్టేవాళ్లు రాడ్ బోల్టుకి టార్క్ వదిలేసి, రెండు కొసల మధ్య పొడవుని గేజ్‌తో కొలుస్తూ బిగిస్తారు. బోల్టు రెండు కొసలూ అందుతాయి కాబట్టి అక్కడ అది కుదురుతుంది.

బేరింగ్ సందు చూడడానికి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుని బట్టి సందు చెప్పే మెత్తని ప్లాస్టిక్ దారం) పెట్టినప్పుడు కూడా పూర్తి టార్క్ పెట్టాల్సిందే, క్రాంక్ తిప్పకూడదు. సగం బిగించి కొలిస్తే ఆ కొలత దేనికీ పనికిరాదు.

చిన్నఇంజిన్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. బైక్ ఇంజిన్‌లో క్యామ్ క్యాప్ బోల్టులు ఎం6, అల్యూమినియంలోకి దిగుతాయి. 10 న్యూటన్ మీటర్లు అని ఉంది. నా దగ్గరున్న రెంచ్ 40 నుంచి 200 దాకా. చేతి అంచనాతో బిగించనా?

మెట్రిక్_మాధవి:
వద్దండీ. 5 నుంచి 25 దాకా ఉండే చిన్న రెంచ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. అల్యూమినియంలో ఎం6 థ్రెడ్ ఊడొచ్చేదాకా చేతికి పెద్దగా ఏమీ తెలియదు. క్యామ్ క్యాప్ కాబట్టి అన్నీ ఒకేసారి, తలా అర చుట్టు చొప్పున దింపండి, ఒక పక్కే దింపితే క్యాప్ విరుగుతుంది.

ప్రమాణం కూడా చూసుకోండి. 10 న్యూటన్ మీటర్లు అంటే సుమారు 88 అంగుళ పౌండ్లు, లేదా 7.4 ఫుట్ పౌండ్లు. 88 అని చదివి ఫుట్ పౌండ్ల స్కేలు మీద పెడితే దాదాపు 120 న్యూటన్ మీటర్లు, పన్నెండు రెట్లు. రెంచ్ టక్కుమనడానికి చాలా ముందే బోల్టు తెగుతుంది.

చిన్నఇంజిన్:
అర్థమైంది మాధవి గారూ. చిన్న రెంచ్ దొరికేదాకా ఆ పని పక్కన పెడతాను.

కొత్తరెంచ్:
అప్‌డేట్. ఆ రంధ్రంలోంచి సిరంజితో పీలిస్తే కూలెంట్ బాగానే వచ్చింది. పక్క రంధ్రంలో కూడా కొంచెం ఉంది. బ్లాక్ పక్కనున్న డ్రెయిన్ ప్లగ్ విప్పి నీటి గదులు ఖాళీ చేశాను, మళ్లీ ఊదాను. ఇప్పుడు పది బోల్టులూ చేత్తో తల ఆనేదాకా దిగాయి. మాధవి గారు చెప్పిన బరువు పరీక్షలో రెంచ్ 45కి టక్కుమంది, 55కి అనలేదు. ఆయిల్ పల్చగా రాసి, 40 వరస ప్రకారం పూర్తిచేసి, గీతలు పెట్టి, మొదటి 90, రెండో 90 అయ్యాయి. గీతలన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయి.

రెండో 90లో మొదట బరువు పెరిగి, చివర్లో పెరగడం ఆగి ఒకే తీరుగా అనిపించింది. పది బోల్టులకీ అలాగే ఉంది. మామూలేనా?

లేత్_రాఘవ:
మామూలే. హద్దు దాటిందంటే అలాగే ఉంటుంది. భయపడాల్సింది వేరు: తిప్పుతుంటే బరువు సగంలో తగ్గిపోయి మెత్తగా తిరిగితే అక్కడ థ్రెడ్ ఊడుతోందనో, బోల్టు మెడ సన్నబడుతోందనో అర్థం. అన్నీ ఒకేలా ఉన్నాయంటే మీ పని బాగా వచ్చింది.

పాతబండి_ప్రేమి:
ఇంజిన్ ఒకసారి వేడయ్యాక మళ్లీ టార్క్ చూడాలా?

డీజిల్_బాబాయ్:
ఈ రకానికి మాన్యువల్ అడగకపోతే ముట్టుకోవద్దు. మెత్తని పాత గాస్కెట్‌కి ఉండే అవసరం పొరల ఉక్కు గాస్కెట్‌కి లేదు. పైగా హద్దు దాటి సాగిన బోల్టుని "ఇంకొంచెం" అని తిప్పితే దానికి మిగిలిన ఓపిక కూడా పోతుంది. కూలెంట్ నింపు, గాలి బుడగలు పోనివ్వు, వేడెక్కి చల్లారాక నీటి మట్టం చూడు, హెడ్ అంచు వెంట తడి ఉందేమో టార్చి వేసి చూడు. చాలు.

కొత్తరెంచ్:
అలాగే బాబాయ్ గారూ. టైమింగ్ చెయిన్ ఎక్కించడం మొదలుపెడుతున్నాను. క్యామ్ స్ప్రాకెట్ బోల్టుకి మాన్యువల్‌లో థ్రెడ్‌లాక్ అని రాసి ఉంది, ఆయిల్ మాట లేదు. థ్రెడ్ తుడిచి పొడిచేశాకే పెడతాను.